కొబ్బరికాయకీ గుమ్మడికాయకీ మధ్య

స్కూటరు మీది కుర్రాడు హ్యాండిల్ వదిలేశాడు. ముందు కారు పరిగెడుతోంది. మధ్యలో జాగా ఎంతుందో చూసుకున్నాడో లేదో, ఎగిరి కారు మీద పడ్డాడు. నడిపేవాడు లేని స్కూటరు వెనకెక్కడో ఒరిగిపోయింది. డూపు లేడు.

ఆ కుర్రాడు ఘట్టమనేని శివరామకృష్ణ. సినిమా ‘తేనె మనసులు’. ఆదుర్తి సుబ్బారావు కొత్త మొహాలను నమ్ముకుని ఈస్ట్‌మన్ కలర్లో తీసిన సాంఘికం, 1965 మార్చి 31న విడుదలైంది. ఆ దూకుడు చూసిన నిర్మాత డూండీ, తన గూఢచారి దొరికాడనుకున్నాడు. మరుసటి ఏడాది ‘గూఢచారి 116’ వచ్చింది. ప్రేమకథతో మొదలుపెట్టిన కుర్రాణ్ణి కార్లూ గుర్రాలూ తుపాకుల దారిలోకి మళ్ళించింది ఆ ఒక్క షాటే.

కదిలే బండిని కదిలే కెమెరాతో తియ్యడం ఆ రోజుల్లో ఎంత యాతనో ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. జీపు అద్దం పడగొట్టి, బానెట్ మీద చెక్క పరిచి, దాని మీద కెమెరాను తాళ్ళతో బిగించేవారు. అదరకుండా ఇసక బస్తాలు వేసేవారు. కెమెరామన్ నడుముకి మరో తాడు. ఆ తాడు రెండో కొస ఎవరో ఒక అసిస్టెంటు చేతిలో. షాటు ఎలా వచ్చిందో చూసుకోవడానికి అక్కడ తెర ఏదీ ఉండదు. ఫిల్ము మద్రాసు వెళ్ళి, కడిగించుకుని, రషెస్‌గా తిరిగొచ్చాకే బాగుందో లేదో తెలిసేది. బాగా రాలేదంటే మళ్ళీ దూకాలి.

ఆ కుర్రాడు పుట్టింది తెనాలి పక్క బుర్రిపాలెంలో. సినిమా పిచ్చి పట్టింది మాత్రం అప్పటి మా జిల్లాలోనే. ఇంటర్మీడియట్‌కి నరసాపురంలో చేరి, కొద్ది నెలలకే ఏలూరు సర్ సి.ఆర్.రెడ్డి కాలేజీకి మారాడు. చాటపర్రు నుంచి వచ్చే మురళీమోహన్ అక్కడ సహాధ్యాయి. ఒకసారి ఏలూరులో అక్కినేని నాగేశ్వరరావుకి సన్మానం జరిగింది. ఆయన్ని చూడ్డానికి ఎగబడ్డ జనాన్ని చూసి, యాక్టరంటే ఇదీ అనుకున్నాడట ఈ సైన్సు విద్యార్థి. తర్వాత కృష్ణే ఎన్నోసార్లు చెప్పుకున్న సంగతి ఇది.

మాది చదును నేల. పెంటపాడు సెంటర్లో నిలబడి ఏ దిక్కు చూసినా ఆకాశానికి అడ్డొచ్చేవి కొబ్బరి చెట్లూ రైసు మిల్లు గొట్టాలే. ఇటు తాడేపల్లిగూడెం, అటు ఏలూరు, ఇంకా కిందికి పోతే కొల్లేరు. ఎక్కడికి పోయినా నేల పైకి లేవదు, నీళ్ళలోకి దిగుతుంది. కొండ చూడాలంటే మాకు సినిమాయే దారి. గూడెంలో హాస్యనటుడు రేలంగి కట్టిన చిత్రమందిరం ఉండేది. సినిమా డబ్బు మళ్ళీ సినిమాలోకే, అదీ మా ఊళ్ళ దగ్గరే వచ్చి చేరిందనడానికి అది నిలువెత్తు గుర్తు. అలాంటి నేల మీద కాలేజీ చదువు చదివిన మనిషి తన నూరో సినిమాని మోసుకుని ఏజెన్సీ కొండలెక్కాడు. సగంలో దర్శకుణ్ణి పోగొట్టుకుని కూడా పూర్తి చేసి దిగాడు. ఆ కథ ఇది.

కృష్ణకి అల్లూరి సీతారామరాజు వేషం మీద కన్ను పడింది 1968లో. ‘అసాధ్యుడు’ అనే సినిమాలో ఒక అంతర్నాటకం ఉంది. అందులో కాసేపు కాషాయం కట్టి, విల్లు పట్టాడు. ఆ సినిమా దర్శకుడు వి.రామచంద్రరావు. ఉన్నది కొద్ది నిమిషాలే అయినా, ఆ వేషం కృష్ణని వదల్లేదు. అల్లూరి కథ మీద మనసుపడ్డ మొదటివాడు అతను కాడు. ఎన్.టి.రామారావు అంతకు చాలా ముందే తీద్దామనుకున్నాడు. శోభన్‌బాబుతో ఒక ప్రయత్నం మొదలై ఆగిపోయింది. పరిశ్రమలో ఈ కథంటే ఒక జంకు ఉండేది. హీరో సన్యాసి. డ్యూయెట్ లేదు. చివర చచ్చిపోతాడు. పైగా కథంతా అడవిలో.

అడవి అంటే ఏ అడవి? ఇక్కడ కాస్త ఆగి, ఆ దారి సంగతి చెప్పాలి.

నర్సీపట్నం దాటాక డౌనూరు దగ్గర ఘాట్ మొదలవుతుంది. అక్కణ్ణుంచి మెలికలు తిరుగుతూ లంబసింగి, ఆపైన చింతపల్లి. లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. చలికాలం మంచు పట్టిందంటే తెల్లారాక కూడా ఎదుటి మనిషి కనపడడు. ఇవాళ అది టూరిస్టుల దారి. వందేళ్ళ కిందట అది వెట్టి దారి. ఏజెన్సీలోని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఈ కొండల్లో రోడ్డు పనికి గిరిజనుల్ని బలవంతంగా దింపాడు. కూలి సరిగా ఇవ్వలేదు, ఎదురు తిరిగినవాణ్ణి కొట్టించాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడునీ పుల్లనీ లాక్కుంది. దాని పైన ఈ రోడ్డు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర తన మునసబు గిరీ పోగొట్టుకుంది ఈ బాస్టియన్ చేతిలోనే. అతనూ, తమ్ముడు మల్లుదొరా తర్వాత అల్లూరి పక్కన నిలిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. తీసుకున్న సరుకుకి చీటీ రాసిపెట్టి, సంతకం చేసి మరీ వెళ్ళాడు సీతారామరాజు. నెల తిరిగేసరికి దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు కాల్పుల్లో పోయారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర అతన్ని చెట్టుకి కట్టి కాల్చారు. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్ళు కూడా నిండలేదు.

ఈ మనిషి కూడా నరసాపురం టైలర్ హైస్కూల్లో కొన్నాళ్ళు చదివాడు. అంటే మా డెల్టా బడిలో ఉండి ఆ కొండల్లోకి పోయాడు. కృష్ణ నరసాపురం, అల్లూరి నరసాపురం కలవడం కాకతాళీయమే. అయినా మా వైపు పాతవాళ్ళు సందు దొరికితే ఈ మాట తేకుండా ఉండరు. నేనూ తెచ్చాను.

1973 ఆగస్టులో కృష్ణ సొంత సంస్థ పద్మాలయా వారి ‘దేవుడు చేసిన మనుషులు’ వచ్చింది. ఎన్టీఆర్, కృష్ణ కలిసి నటించిన సినిమా. దర్శకుడు మళ్ళీ రామచంద్రరావే. బాగా ఆడింది, చేతిలో డబ్బు ఉంది. ఇంకో సంగతి, కృష్ణ సినిమాల లెక్క వందకి చేరుకుంటోంది. నూరోది ఏది కావాలో అతను ముందే తేల్చుకున్నాడు. తమ్ముళ్ళు హనుమంతరావు, ఆదిశేషగిరిరావు లెక్కలు చూసుకోవాలి. మాటలు త్రిపురనేని మహారథి. సంగీతం ఆదినారాయణరావు. దర్శకత్వం రామచంద్రరావు. కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి.

ఈ స్వామి పేరు గుర్తుంచుకోండి. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ తీసినప్పుడు కృష్ణ యూనిట్‌ని రాజస్థాన్ ఇసకలోకీ, సిమ్లా కొండల్లోకీ తీసుకెళ్ళాడు. అక్కడా కెమెరా స్వామిదే. స్టూడియో గోడలు దాటి, ఎండనీ దుమ్మునీ ఎత్తునీ నమ్ముకుని బొమ్మ తియ్యగలనని ఆయన అప్పటికే చూపించాడు. తెలుగులో అప్పటిదాకా ఎవరూ పూర్తి సినిమా తియ్యని సినిమాస్కోప్‌లో ఈ సినిమా తయారైంది.

స్కోప్ కొత్త వింత ఏమీ కాదు. ఫ్రాన్సులో ఆంరీ క్రెత్యాఁ అనే శాస్త్రవేత్త 1920లలోనే దానికి కటకం చేశాడు. ఇంట్లో టీవీలు వచ్చి జనం హాళ్ళకి రావడం మానేస్తున్నారని అమెరికాలో ఫాక్స్ కంపెనీ దాన్ని బయటికి తీసి, 1953లో ‘ది రోబ్’ తీసింది. మన దేశంలో గురుదత్ 1959లో ‘కాగజ్ కే ఫూల్’ తీసి చేతులు కాల్చుకున్నాడు. 1972లో ‘పాకీజా’, 1973లో అరవంలో ‘రాజరాజ చోళన్’. సూత్రం చిన్నదే. కెమెరాకి బిగించిన కటకం బొమ్మని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిల్ము మీద పట్టిస్తుంది. హాల్లో ప్రొజెక్టరుకి బిగించిన కటకం దాన్ని మళ్ళీ సాగదీస్తుంది. చాప చుట్టి పట్టుకెళ్ళి, అక్కడ పరిచినట్టు. పరిచిన బొమ్మ ఎత్తుకి రెండుంపావు రెట్లు దాటిన వెడల్పు ఉంటుంది.

చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి వచ్చేసరికి ఒక్కో సౌకర్యం వెనక ఒక్కో అసౌకర్యం. ఆ కటకం బరువు. అది వెలుగు తింటుంది. ఫోకస్ ఒక జానెడు తప్పినా అంత పెద్ద తెర మీద మొహం మసకబారుతుంది. దగ్గరగా తీస్తే బుగ్గలు ఉబ్బి కనపడతాయి. కెమెరాని గబుక్కున పక్కకి తిప్పితే బొమ్మ అదిరిపోతుంది. అప్పటి కలర్ నెగటివ్‌ది ఇప్పటి ఫోను కెమెరాతో పోలిస్తే కుంటి నడక. చెట్ల నీడలో బొమ్మ పడదు. పైగా అది దిగుమతి సరుకు, అడుగడుగుకీ లెక్క. నాలుగు వందల అడుగుల మ్యాగజైన్ నాలుగున్నర నిమిషాల్లో అయిపోతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. మామూలు సినిమాలో పది మంది పోలీసులు ఉంటే దళంలా కనిపిస్తుంది. స్కోప్‌లో పది మందిని నిలబెడితే పక్కన కొండ ఖాళీగా వెక్కిరిస్తుంది. ఫ్రేము నింపాలంటే మనుషులు కావాలి, గుర్రాలు కావాలి, అందరికీ అన్నం కావాలి. వాళ్ళందరినీ ఆ ఘాట్ ఎక్కించాలి.

తెలుగు సినిమా వాళ్ళ క్యాలెండర్లో రెండు పండగలు. ముహూర్తానికి కొబ్బరికాయ, ఆఖరి రోజు గుమ్మడికాయ. 1973 డిసెంబరులో కొబ్బరికాయ కొట్టారు.

ఇక్కణ్ణుంచి, షూటింగు జరిగిన చింతపల్లిలో ఒక రోజుని నేను కట్టుకుని చెబుతున్నాను. ఆ కొండలూ, ఆ చలీ, ఆ కెమెరా, ఆ రోజుల ఔట్‌డోర్ పద్ధతీ తెలిసినవే కాబట్టి కడుతున్నాను. మనుషుల నోట మాటలు మాత్రం పెట్టను.

తెల్లవారుజామున అయిదింటికి వంటవాళ్ళ పొయ్యిలు ముందు రాజుకుంటాయి. చలికి చేతులు కాచుకునే వంకతో లైట్‌మెన్ అందరూ అక్కడే. ఇడ్లీ కంటే ముందు వేడి కాఫీ. ప్రొడక్షన్ మేనేజరు కాల్షీటు పట్టుకుని ఎవరెవరు లేచారో చూసుకుంటున్నాడు. మద్రాసు నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులకి ఈ చలి అలవాటు లేదు, ఇద్దరు ముగ్గురికి జ్వరాలు. ఆరున్నరకి లారీ ఇంజను తీస్తారు. చలికి వెంటనే అందుకోదు. కిందకి తోసి, వాలులో గేరు వేసి అందించుకోవాలి. రిఫ్లెక్టర్లు, ట్రాలీ పట్టాలు, డమ్మీ తుపాకుల పెట్టెలు, ఎర్ర తలపాగాల మూటలు. కెమెరా పెట్టె మాత్రం లారీలో పెట్టరు. అది జీపులో, అసిస్టెంటు ఒళ్ళో.

లొకేషన్‌కి చేరేసరికి మంచు. ఎదురుగా కొండ ఉందని తెలుసు, కనపడదు. స్వామి ఆకాశం వైపు చూస్తాడు. ఔట్‌డోర్లో పొద్దున్న పూట యూనిట్ మొత్తం చూసేది దర్శకుణ్ణి కాదు, కెమెరామన్ తలనే. అది పైకి లేస్తే వెలుగు కోసం చూస్తున్నాడు, దించితే రెడీ. తొమ్మిదవుతుంది. తొమ్మిదిన్నర. మంచు కొంచెం కొంచెంగా లోయలోకి జారుతుంది. అప్పుడొస్తుంది పొడుగ్గా, వాలుగా, చెట్ల మధ్య నుంచి కత్తుల్లాంటి వెలుగు. ఆ వెలుగు గంట నిలవదు. ఆ గంటలో తీసిందే ఆ రోజుకి అసలు సంపాదన. మధ్యాహ్నం ఎండ మొహాల మీద నిటారుగా పడుతుంది, కళ్ళ కింద నీడలు. నాలుగున్నరకల్లా సూర్యుడు కొండ వెనక్కి పోతాడు, మైదానంలో అయితే ఇంకో గంట దొరికేది. డిసెంబరు, జనవరి రోజులు ఎటూ చిన్నవి. అంటే కొండ మీద ఒక పని దినమంటే నికరంగా అయిదు గంటలు. దాని కోసం పది గంటలు మనుషుల్ని ఎక్కించి దించాలి.

కాషాయం కట్టిన హీరో ఒంటి మీద పైపంచె తప్ప మరేం లేదు. పక్కనున్న అసిస్టెంట్లు రగ్గులు కప్పుకుని ఉన్నారు. షాటు అయిన వెంటనే అతనికీ రగ్గు కప్పాలి. గెడ్డం ఊడకుండా, చెమట పట్టకుండా, వణకకుండా చూడాలి. తెల్లదొర రూథర్‌ఫర్డ్ వేషం కట్టిన జగ్గయ్య ఖాకీలో కాస్త నయం.

ఇప్పుడీ దారిలో డిసెంబరు ఆదివారం తెల్లారితే వేరే షూటింగులు కనిపిస్తాయి. మా పెంటపాడు, గూడెం వైపు కుర్రాళ్ళు శనివారం రాత్రి భోజనం చేసి కారెక్కుతారు. రాజమండ్రి, తుని మీదుగా నర్సీపట్నం చేరి, మంచు ఉండగానే లంబసింగి అందుకోవాలని పందెం. బానెట్ మీద రబ్బరు కప్పుతో అతుక్కునే చిన్న కెమెరా. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. జీపూ, చెక్కా, ఇసక బస్తా, నడుము తాడూ అన్నీ కలిపి ఆ గుప్పెట్లోకి వచ్చేశాయి. అదరడం కూడా అదే సర్దుకుంటుంది. కానీ కొండ మాత్రం మారలేదు. మంచు తడికి బానెట్ చెమ్మగా ఉంటే రబ్బరు కప్పు పట్టదు, మూడో మలుపులో జారి లోయలో పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, అంటించి, తాడు ఒకటి అద్దం దగ్గర కట్టుకోవాలి. వెచ్చగా ఉన్న కారులోంచి కెమెరాని ఒక్కసారి చలిలోకి తీస్తే అద్దం లోపల ఆవిరి పడుతుంది, బయట ఎంత తుడిచినా పోదు. ముందే డిక్కీలో పెట్టి చలికి అలవాటు చెయ్యాలి. పెళ్ళికి ముందు వీడియోలు తీసే స్టూడియో వాళ్ళకి ఇవన్నీ కంఠతా వచ్చు. మలుపులో హారన్ కొట్టకుండా ఎదురొచ్చే లారీకి మాత్రం వాళ్ళ దగ్గరా మందు లేదు. అందుకే తెలివైనవాడు ముందు ఒకసారి కెమెరా లేకుండా ఎక్కి దిగుతాడు. ఎక్కడ ఆగొచ్చో, ఎక్కడ వెనక బండికి దారివ్వొచ్చో చూసుకుంటాడు. స్కోప్ అయినా సెల్‌ఫోనైనా కొండ మీద షూటింగులో సగం పని ఇదే.

మళ్ళీ 1974కి.

రామచంద్రరావు జబ్బుపడ్డాడు. షూటింగు మధ్యలో, తీయాల్సింది ఇంకా చాలా ఉండగా. కోలుకోలేదు. నూరో సినిమా చేతిలో సగం ఉండగానే దర్శకుడు కన్నుమూశాడు. కృష్ణని మొదటిసారి అల్లూరి వేషంలో నిలబెట్టిన మనిషి, ఆ వేషం పూర్తిగా తెర మీదికి రావడం చూడలేకపోయాడు.

ఒక యూనిట్‌కి అది ఎలాంటి దెబ్బో బయటివాళ్ళకి పూర్తిగా అర్థం కాదు. సినిమా కాగితం మీద సగమే ఉంటుంది. మిగతా సగం దర్శకుడి తలలో ఉంటుంది. ఈ షాటు తర్వాత ఏ షాటు వస్తుంది, ఆ దళం కుడి వైపు నుంచి దిగితే ఎదురు కాల్పులు ఎటు నుంచి రావాలి, ఏ మొహం దగ్గర ఎంతసేపు ఆగాలి, ఇవన్నీ ఆ తలలోనే. కంటిన్యుటీ పుస్తకంలో బొట్టు ఎక్కడుందో, పంచె ఎటు దోపారో రాసి ఉంటుంది. ఎందుకు అన్నది రాసి ఉండదు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని మిగతావాళ్ళు నిలబడాలి. ఆపేస్తే కొండ మీదున్న ప్రతి మనిషికీ రోజు కూలీ, ప్రతి లారీకీ అద్దె నడుస్తూనే ఉంటుంది. ఆ రోజుల్లో ఒక సినిమా మధ్యలో ఆగిందంటే ఇక లేవదనే పరిశ్రమ లెక్క. ఈ కథే అంతకు ముందు ఒకటికి రెండుసార్లు ఆగిపోయిన కథ.

మరో పేరున్న దర్శకుణ్ణి పిలవడం తేలిక. పోస్టరు మీద ఆ పేరు పడితే పంపిణీదారులు కూడా ధైర్యపడతారు. కృష్ణ ఆ పని చెయ్యలేదు. మిగిలిన భాగం తనే తియ్యడానికి కూర్చున్నాడు. పోరాట సన్నివేశాలకి కె.ఎస్.ఆర్.దాస్ సాయపడ్డాడు. ‘మోసగాళ్ళకు మోసగాడు’ దర్శకుడు, గుర్రమూ తుపాకీ ఎలా తియ్యాలో చేతిలో ఉన్నవాడు. కెమెరా వెనక స్వామి ఎటూ ఉన్నాడు. కథ ఎవరి చేతిలో మొదలైందో ఆ చేతి రాత చెదరకుండా నిలిపిన ఘనతలో స్వామికి పెద్ద వాటా ఉందని నా లెక్క. దర్శకుడు మారితే ఫ్రేము మారుతుంది. ఆ సినిమాలో ఆ అతుకు నాకు కనపడలేదు, వెతికినా.

హీరో దర్శకుడైతే కొండ మీద ఏమవుతుందో ఆలోచించండి. మంచు విడిచే ఆ గంటలో అతను కెమెరా ముందూ ఉండాలి, వెనకా ఉండాలి. షాటు ఎలా వచ్చిందని అడగడానికి ఎవరూ లేరు, చూసుకోవడానికి తెర లేదు. కెమెరామన్ ఓకే అంటే ఓకే. నటుడు తన మొహాన్ని మరొకరి కంటికి అప్పగించేసి దళాన్ని నడిపించుకోవాలి. స్కూటరు మీంచి కారు మీదికి దూకిన రోజున కూడా అతను చేసింది ఇదే. కారు నడిపేవాడు సమానంగా నడుపుతాడనీ, కెమెరా పట్టినవాడు ఫ్రేము వదలడనీ నమ్మాడు.

ఆ నెలల్లోనే మరో దెబ్బ. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల వెళ్ళిపోయాడు. మహాకవి శ్రీశ్రీ రాసిన వీరగీతం ఆయన గొంతులో ఈ సినిమాకి అప్పటికే ఉంది. పాట ఉంది, పాడినవాడు లేడు. సినిమా సగం ఉంది, మొదలుపెట్టినవాడు లేడు. ఇలాంటివి రెండు ఒకేసారి వస్తే పరిశ్రమలో శకునాలు లెక్కపెట్టేవాళ్ళకి కొదవ ఉండదు. ఎన్ని లెక్కపెట్టారో ఏమో, షూటింగు మాత్రం ఆగలేదు.

గుమ్మడికాయ కొట్టారు. ఎడిటింగులో కోటగిరి గోపాలరావు కూర్చున్నాడు. మే 1న సినిమా విడుదల. కొబ్బరికాయ కొట్టి అయిదు నెలలు కూడా నిండలేదు. కొండల మీద, స్కోప్‌లో, దర్శకుడు పోయిన సినిమా అయిదు నెలల్లో హాళ్ళకి రావడం ఇప్పటి లెక్కలు తెలిసినవాళ్ళకి కట్టుకథలా ఉంటుంది. కొయ్యూరులో అల్లూరిని కాల్చింది 1924 మే 7. అంటే సరిగ్గా యాభయ్యో వర్ధంతి వారంలో బొమ్మ పడింది. 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషను మీద దాడి నాటికి కుర్రాళ్ళుగా ఉన్నవాళ్ళలో కొందరు అప్పటికింకా డెబ్భైల్లో ఉండి ఉంటారు.

జనం సినిమాని ఎత్తుకున్నారు. హీరో చచ్చిపోతే ఆడదన్న జంకు ఆ వేసవిలో మట్టిలో కలిసింది. డ్యూయెట్ లేని లోటుని సీత పాత్రలో విజయనిర్మల ఎదురుచూపుల పాట తీర్చింది. ఆ పాటని సి.నారాయణరెడ్డి రాశాడు. చరిత్రలో లేని సీతని కథలోకి తెచ్చారని సణిగినవాళ్ళున్నారు. నాకూ ఆ పాట వచ్చినప్పుడల్లా కొండ మీంచి స్టూడియోలోకి దిగినట్టే అనిపిస్తుంది. అయినా హాల్లో ఆడవాళ్ళని కూర్చోబెట్టింది ఆ పాటే అంటే కాదనలేను. శ్రీశ్రీ గీతానికి ఉత్తమ గీత రచయితగా జాతీయ అవార్డు వచ్చింది. తెలుగు పాటకి అది మొదటిసారి. రాష్ట్రంలో బంగారు నంది కూడా ఈ చిత్రానికే.

హాళ్ళవాళ్ళ కష్టం వేరే. స్కోప్ బొమ్మ పడాలంటే ప్రొజెక్టరుకి సాగదీసే కటకం కావాలి, పక్కలకి పెరిగిన తెర కావాలి. పాత తెరల మీద ఆ వెడల్పుకి చోటు చాలదు. తెర పొడుగు పెరిగితే ముందు బెంచీవాడు తల కుడి నుంచి ఎడమకి తిప్పుకుంటూ చూడాలి. కొండ ఏ అంచు నుంచి మొదలై ఏ అంచులో ముగుస్తుందో ఒక చూపులో అందదు. మాలాంటి చదును నేల జనానికి అసలు కొండ ముందు నిలబడితే కూడా అంతే.

విజయం తర్వాత జరిగింది విచిత్రం. అల్లూరిని చూసిన కళ్ళతో జనం కృష్ణని మామూలు హీరోగా చూడలేకపోయారు. వరసగా సినిమాలు పోయాయి, ఒకటీ రెండూ కాదు, డజను. పొలాల్లో నాగలి పట్టించిన ‘పాడి పంటలు’ 1976లో వచ్చేదాకా అతను తేరుకోలేదు.

‘అల్లూరి సీతారామరాజు’ టైటిల్స్ చివర దర్శకత్వం అన్న చోట ఒక్కటే పేరు పడుతుంది, వి.రామచంద్రరావు. సగం తీసిన కృష్ణ పేరు ఆ పక్కన లేదు, కింద లేదు, పర్యవేక్షణ అనే ముసుగులో కూడా లేదు. దర్శకుడిగా కృష్ణ పేరు తెర మీద మొదటిసారి పడింది పన్నెండేళ్ళ తర్వాత, 1986 మార్చి 21న విడుదలైన ‘సింహాసనం’లో. తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా అది. కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి.